మేళం మానేస్తే గానీ కంపోజర్‌ని కాలేనా?

సికింద్రాబాద్ నుంచి 31 ఏళ్ళ పాఠకుడు ఒకరు పొడుగాటి ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. మేళం పేరు కూడా వద్దట, చెబితే ఆ వీధిలో అందరూ గుర్తుపట్టేస్తారట. సారాంశం ఇది.

వాళ్ళ తాత మిలిటరీ బ్యాండులో పనిచేసి, రిటైరయ్యాక పెళ్ళిళ్ళకు వాయించే బ్యాండు మేళం పెట్టారు. నాన్నది ట్రంపెట్. రెండేళ్ళ కిందట పై పళ్ళు పోయాయి. కట్టుడు పళ్ళతో ఊదితే పెదవి పట్టు నిలవడం లేదు. అప్పటి నుంచి బేరాలు, బయానాలు చూసుకుంటూ మేళం ముందు నడుస్తున్నారు. ఈయన చిన్నప్పుడే ట్రాంబోన్ (స్లైడు గొట్టం ముందుకూ వెనక్కూ జరుపుతూ ఊదే వాయిద్యం) పట్టారు. చర్చి బ్యాండులో స్టాఫ్ నొటేషన్ (గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) నేర్చుకున్నారు, బీకాం చదువుతూనే లండన్ ట్రినిటీ కాలేజీ సంగీత పరీక్షల్లో ఎనిమిదో గ్రేడు పాసయ్యారు. ముహూర్తాల సీజన్లో బరాత్‌లు, మిగతా రోజుల్లో హోటళ్ళలో ప్రోగ్రాములు, అప్పుడప్పుడు సినిమా రికార్డింగులు.

కొన్నేళ్ళుగా సొంతంగా సంగీతం రాస్తున్నారు. సినిమా పాటలు కాదు, వేదిక మీద కూర్చుని వినే సంగీతం. నాలుగు ట్రాంబోన్లకు, ఒక మర్ఫా డోలుకు 11 నిమిషాల రచన చేసి ఒక చిన్న హాల్లో వినిపించారు. నలభై మంది దాకా వచ్చారు. అయిపోయాక ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, "బాగుంది బాబూ, పాట ఎప్పుడు మొదలవుతుంది?" అని అడిగారట. వర్క్‌షాపు కోసం ఊళ్ళోకి వచ్చిన ఒక జర్మన్ కంపోజర్ మాత్రం స్కోరు (రచన రాసిన కాగితాలు) అడిగి తీసుకుని, మా దేశంలో కంపోజిషన్ కోర్సుకు అప్లై చేయమన్నారు.

ఇప్పుడు ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో మ్యూజిక్ టీచర్ ఉద్యోగం వచ్చింది. నెలకు 42 వేలు, నెలాఖరులోగా జవాబు చెప్పాలి. మరోవైపు ఒక సంగీత దర్శకుడి దగ్గర కంప్యూటర్ మీద సంగీతం సమకూర్చే ప్రోగ్రామర్, నేపథ్య సంగీతంలో బ్రాస్ (ట్రంపెట్, ట్రాంబోన్ లాంటి ఇత్తడి వాయిద్యాల) భాగాలన్నీ రాసిపెట్టమంటున్నాడు. డబ్బు చేతిలో పెడతాడు, పేరు ఉండదు. ఇదివరకు మూడు సినిమాలకు అలాగే రాశారు. ఇక జర్మనీ ఉండనే ఉంది. దాచుకున్నది నాలుగు లక్షలు. భార్య డయాగ్నస్టిక్ ల్యాబులో టెక్నీషియన్, పాపను వచ్చే ఏడాది బడిలో వేయాలి. మేళం చూసుకోగల బాబాయి కొడుకు ఒకడున్నాడు, క్లారినెట్ వాయిస్తాడు, కానీ నాన్న అతని చేతికి పెత్తనం ఇవ్వరు. మేళం మానేస్తానని కదిపితే "అయితే నాతోనే పోతుందన్నమాట" అని లేచి వెళ్ళిపోయారు. పోయిన మాఘంలో ఒక బరాత్‌లో ఇంటర్ క్లాస్‌మేట్ ఈయన్ని ఎర్ర యూనిఫాంలో వీడియో తీసి స్టేటస్ పెట్టాడు. అప్పటి నుంచి ఆ యూనిఫాం చూస్తేనే టెన్షన్. "ట్రాంబోన్ వదిలేస్తే గానీ కంపోజర్‌ని కాలేనా? ఈ దారిలో వెళ్ళి ఎవరైనా బతికారా?" అని అడుగుతున్నారు.

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు ఒకటి గమనించాను. అందులో యూనిఫాం నాలుగు చోట్ల వచ్చింది. మీరు రాసిన సంగీతం గురించి ఉన్నది మాత్రం రెండే వాక్యాలు, ఆ రెండూ విన్నవాళ్ళు ఏమన్నారన్నదే. అందులో ఏముందో, ఎందుకలా రాశారో ఒక్క ముక్క లేదు. తప్పుపట్టడం లేదు. అర్ధరాత్రి దాకా వాయించి ఆఖరి పంక్తిలో అన్నం తినే మనిషికి ఆ వీడియో ఎంత గుచ్చుకుంటుందో ఊహించగలను. కానీ రాతకు టైం కావాలని మేళం మానాలనుకుంటున్నారా, ఇంకోసారి ఎవరూ అలా వీడియో తీయకూడదని మానాలనుకుంటున్నారా, ముందు అది తేల్చుకోండి. రెండూ కాస్త కాస్త ఉండొచ్చు. టైం కోసమైతే అది ఎక్కడ దొరుకుతుందో లెక్క వేయొచ్చు, వేద్దాం. వీడియో కోసమైతే మాత్రం, ఒక మాట నాన్నతో తేల్చుకుని మీరు యూనిఫాం లేకుండా తెరవెనక పని చూసుకున్నా తీరిపోతుంది, దానికి జర్మనీ దాకా పోనక్కర్లేదు.

ఎవరైనా ఉన్నారా అన్నారు కదా. మన పురాణాలతో చుట్టరికం ఉన్న మనిషితోనే మొదలుపెడతాను. గుస్తావ్ హోల్స్ట్, 1874లో ఇంగ్లండులో పుట్టారు. చేతికి నరాల నొప్పి వల్ల పియానో సాగలేదు, ఉబ్బసానికి మంచిదని వాళ్ళ నాన్న ట్రాంబోన్ పట్టించారు. లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో కంపోజిషన్ చదివారు. అంత చదివీ పొట్టకూటికి ఆపెరా కంపెనీలో, స్కాటిష్ ఆర్కెస్ట్రాలో ట్రాంబోన్ వాయించారు. అదీ చాలక స్టానిస్లాస్ వర్మ్ అనే ఆయన నడిపే 'వైట్ వియన్నీస్ బ్యాండ్'లో జనానికి నచ్చే తేలిక సంగీతం వాయించేవారు. అక్కడ వాయించడం సరదాగానే ఉండేది, కాలాన్ని కాస్త లాగి కాస్త వదిలి వాయించే కిటుకు ఆ వర్మ్ దగ్గరే వంటబట్టింది. అయినా రాసుకోవాల్సిన టైం దండగవుతోందని లోలోపల కుమిలిపోయేవారు. మీ ఉత్తరం చదువుతుంటే ఈయనే గుర్తొచ్చారు.

1903లో ఆయన మీరు అనుకుంటున్న పనే చేశారు. వాయించడం మానేసి రాతతో బతుకుదామనుకున్నారు. ఇల్లు గడవలేదు. చివరికి 1905లో లండన్‌లోని సెయింట్ పాల్స్ బాలికల స్కూల్లో సంగీతం టీచర్‌గా కుదురుకుని, 1934లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. ప్రపంచమంతా వాయించే ఆర్కెస్ట్రా రచన 'ద ప్లానెట్స్' ఆ టీచర్ ఉద్యోగంలో ఉంటూ, శని ఆదివారాల్లో, ఆగస్టు సెలవుల్లో రాసినది. ఋగ్వేద సూక్తాలను తనే సంస్కృతం నుంచి ఇంగ్లీషు చేసుకుని స్వరపరచినదీ, మహాభారతంలోని సావిత్రి కథను చిన్న ఆపెరాగా రాసినదీ కూడా ఇలా పాఠాలు చెప్పుకుంటూ చేసిన పనులే. ఆర్కెస్ట్రా లోపల కూర్చున్న ఆ ఏళ్ళు ఆయన రాతకు ఎంతో పనికొచ్చాయని మిత్రుడు, కంపోజర్ వాన్ విలియమ్స్ అభిప్రాయం. నాకూ అదే నిజమనిపిస్తుంది.

ట్రాంబోన్ వదలకుండానే కంపోజర్లయిన వాళ్ళూ ఉన్నారు. వింకో గ్లోబొకార్, 1934లో ఫ్రాన్స్‌లో పుట్టిన స్లొవేనియా కుటుంబం వాడు, జాజ్ ట్రాంబోన్‌తో మొదలుపెట్టి పారిస్‌లో చదువుకున్నాడు. పెద్ద కంపోజర్లు తన కోసం రాస్తుంటే వాళ్ళ దగ్గరే మెళకువలు పట్టుకుని తనే కంపోజర్ అయ్యాడు. షికాగోలో పుట్టిన జార్జ్ లూయిస్ యేల్‌లో ఫిలాసఫీ చదివాడు, సంగీతం డిగ్రీ కాదు. ట్రాంబోన్ వాయిస్తూనే, మనిషితో పాటు కూర్చుని అప్పటికప్పుడు సంగీతం అల్లే కంప్యూటర్ ప్రోగ్రాం తయారుచేశాడు. తర్వాత కొలంబియా యూనివర్సిటీలో ప్రొఫెసర్, 2002లో అమెరికాలో ప్రతిభావంతులకిచ్చే మెకార్థర్ ఫెలోషిప్. స్వీడన్‌లో క్రిస్టియన్ లిండ్‌బర్గ్ అయితే ట్రాంబోన్ పట్టిందే 17వ ఏట, గట్టిగా రాయడం మొదలుపెట్టింది నలభైకి దగ్గరపడ్డాక. మీ 31 ఏళ్ళ బెంగ అక్కర్లేదు. వీళ్ళందరి వెనక ఫెలోషిప్పులో, యూనివర్సిటీలో, ప్రభుత్వ డబ్బుతో నడిచే ఆర్కెస్ట్రాలో ఉన్నాయి. మన హైదరాబాద్‌లో ఈ రకం సంగీతం రాస్తే డబ్బిచ్చే చోటు దాదాపు లేదు. ఈ తేడా మర్చిపోయి వాళ్ళతో పోల్చుకుంటే నిరాశే మిగులుతుంది.

వాళ్ళకు లేనిది మీ దగ్గర ఒకటుంది. ట్రాంబోన్‌కు ఏడు పొజిషన్లు, కానీ వాటి మధ్య స్లైడు ఎక్కడ ఆపినా స్వరం పలుకుతుంది. గమకానికి ఇంతకంటే అనువైన బ్రాస్ వాయిద్యం లేదు. పాటలో గాయని ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే చోట మీ మోచెయ్యి ఎంత మేర కదలాలో మీకు ఆలోచించకుండానే తెలుసు. ఇంకోటి చూడండి. బరాత్‌లో మీరు ముందు వరసలో, డోళ్ళు వెనక వరసలో. మధ్య పదిహేను మీటర్ల దూరం ఉంటే డోలు దెబ్బ మీ చెవికి చేరడానికి సెకనులో దాదాపు ఇరవయ్యో వంతు పడుతుంది. జనరేటర్ బండి మోత ఉండనే ఉంది. చెవిని నమ్ముకుంటే వెనకపడతారు, అందుకే మీ వాళ్ళు నడక మీదా, ముందున్న పెద్దాయన చెయ్యి మీదా కన్నేసి వాయిస్తారు. ఊరేగింపు సందు మలుపు తిరిగితే మొత్తం మోత రంగే మారిపోతుంది. వాయిద్యాలను దూరం దూరంగా నిలబెట్టి, ఆ ఎడాన్నే సంగీతంగా మలిచే పని పాశ్చాత్య కంపోజర్లు ఎంతో కష్టపడి చేశారు. అది మీ కాళ్ళకు అలవాటు. ఆ 11 నిమిషాల్లో ఇదంతా ఉందా? ఉంటే మీకు చెప్పడానికి సొంత విషయం ఉన్నట్టే. లేక జర్మనీ వాళ్ళకు నచ్చేలా రాశారా? దీనికి జవాబు నాకు రాయనక్కర్లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మీరు రాసింది వినపడాలంటే వాయించేవాళ్ళు కావాలి. ఈ నగరంలో ట్రాంబోన్లు ఉన్నవి పెళ్ళి మేళాల్లో, పోలీసు బ్యాండులో, కంటోన్మెంటులోని మిలిటరీ బ్యాండుల్లో, కొన్ని చర్చిల్లో. మీ రచనకు నలుగురు దొరికింది ఎక్కడ? నాన్న పరిచయాల వల్లే అయ్యుంటుంది. మేళంతో తెగదెంపులు చేసుకుంటే వాయించే చేతులను కూడా పోగొట్టుకుంటారు. అలాగే రోజూ కాస్తసేపైనా ఊదకపోతే పెదవి పట్టు వారాల్లో జారిపోతుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. మీ సంగీతాన్ని మొదట వాయించాల్సింది మీరే.

ఇక ముందున్న దారులు. స్కూలు ఉద్యోగంలో నెలకింత అని చేతికొస్తుంది, పాప ఫీజుకు దిగులుండదు. కానీ మ్యూజిక్ టీచర్ అంటే చాలా చోట్ల యాన్యువల్ డే యంత్రం. రెండు నెలల ముందు నుంచీ రిహార్సల్సే. అసలు ఇబ్బంది క్యాలెండర్‌లో ఉంది. స్కూలు వేసవి సెలవులు ఇచ్చేది సరిగ్గా వైశాఖ ముహూర్తాల్లో, మేళానికి ఊపిరాడని రోజుల్లో. మేళానికి తెరిపి దొరికే ఆషాఢంలో (బోనాల పిలుపులు వదిలేస్తే) స్కూలు మంచి జోరు మీద ఉంటుంది. రెండూ పట్టుకుంటే రాతకు రోజే మిగలదు. రెంటికీ కలిసి ఖాళీ దొరికేది ధనుర్మాసంలో, ముహూర్తాలు లేక మేళం ఊరుకునే ఆ డిసెంబరు-జనవరి సెలవుల్లో, సంక్రాంతి ముందు. దసరా సెలవులు కొంత. కాబట్టి స్కూల్లో చేరితే మేళంలో ఏడాదికి ఇన్ని బరాత్‌లే అని ముందే ఒప్పుకోవాలి. వేసవిలో సగం మేళానికి, సగం రాతకు. సంపాదన కొంత తగ్గుతుంది, దాని గురించి ఇంట్లో ముందే మాట్లాడండి. హోల్స్ట్‌కు కూడా శని ఆదివారాలు పోతే ఒక ఆగస్టు నెలే దొరికేది.

సినిమా పని మీద నాకు అంత నమ్మకం లేదు, కనీసం ఇప్పుడున్న పద్ధతిలో. కాపీరైట్ చట్టం ప్రకారం సంగీతం కూర్చినవాడే కంపోజర్, దాన్ని నొటేషన్‌లో రాసినా రాయకపోయినా. హక్కులు ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళకే, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియాకే ఇచ్చినట్టు లెక్క. 2012 సవరణ తర్వాత, సినిమా హాల్లో ఆడించడం తప్ప మిగతా వాడకాలకు కంపోజర్‌కు రావాల్సిన రాయల్టీ వాటాను ఒప్పందం రాసి వదిలేసుకున్నా చెల్లదు. అయితే మీరు చేసింది సొంత కూర్పా, వాళ్ళిచ్చిన ట్యూన్‌కు బ్రాస్ అమరికా అన్నదాన్ని బట్టి మీ వాటా మారుతుంది. ఆ మూడు సినిమాల విషయం లాయర్‌కు చూపించాలనుకుంటే మెయిళ్ళు, ఫైళ్ళు తేదీలతో సహా ముందు దాచుకోండి. చూపించాక ఆ ప్రోగ్రామర్ మళ్ళీ పిలవకపోవచ్చు, పదిమందికి చెప్పనూ చెప్పొచ్చు. అది మీరు తట్టుకోగలరో లేదో మీకే తెలియాలి.

ఇందులోనే ఇంకో సందు ఉంది. ఈమధ్య మన సినిమాల వాళ్ళు ఆర్కెస్ట్రాను బుడాపెస్ట్ లాంటి చోట ఆన్‌లైన్‌లో రికార్డు చేయించుకుంటున్నారు. అక్కడ గంటల లెక్కన డబ్బు, వాయించేవాళ్ళు కాగితం చూసి అప్పటికప్పుడు వాయిస్తారు. పార్టుల్లో (ఒక్కో వాయిద్యానికి విడిగా రాసిన కాగితాల్లో) ఒక తప్పు దొర్లితే నిమిషాలు పోతాయి, నిమిషాలంటే యూరోలు. స్టాఫ్ నొటేషన్ శుభ్రంగా రాయగలిగి, బ్రాస్ వాళ్ళు ఊపిరి ఎక్కడ తీసుకుంటారో తెలిసినవాళ్ళు ఇక్కడ తక్కువ. దొంగచాటు పని బదులు ఆర్కెస్ట్రేటర్‌గా (ట్యూన్‌ను వాయిద్యాలకు పంచి రాసేవాడిగా), ఇంత రేటు, టైటిల్స్‌లో పేరు, అని అడిగి చూడండి. నొటేషన్ రాసుకునే మ్యూస్‌స్కోర్ ఉచితంగానే దొరుకుతుంది, సాఫ్ట్‌వేర్‌కు పెట్టుబడి అక్కర్లేదు. ఒప్పుకోకపోతే పోయేదేమీ లేదు, ఇప్పుడూ పేరు లేదుగా.

జర్మనీ సంగతి సూటిగా చెబుతాను. అక్కడి ప్రభుత్వ సంగీత కాలేజీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మన లాంటి దేశాల వాళ్ళకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు, స్టుట్‌గార్ట్, ఫ్రైబుర్గ్ ఆ రాష్ట్రంలోవే. కానీ వీసాకు బ్లాక్డ్ అకౌంటులో (ముందే డబ్బు కట్టి, నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతా) ఏడాది ఖర్చు చూపించాలి. 2024లో అది 11,904 యూరోలు, మన డబ్బుల్లో పది లక్షలు దాటుతుంది. ఇది మీ ఒక్కరికే. మీ దగ్గరున్నది నాలుగు. పైగా మీది బీకాం, కాబట్టి కంపోజిషన్ మాస్టర్స్‌కు నేరుగా తీసుకోవడం కష్టం, బ్యాచిలర్స్‌లో చేరితే మామూలుగా ఎనిమిది సెమిస్టర్లు. పాప నాలుగేళ్ళు నాన్నను ఫోన్లోనే చూడాల్సి రావొచ్చు. ఎంట్రన్స్‌లో మీ స్కోర్లు, రికార్డింగులు చూస్తారు, థియరీ, చెవి పరీక్ష, చాలా చోట్ల పియానో కూడా ఉంటాయి. మీ ఉత్తరంలో పియానో మాటే లేదు. ఇవన్నీ చెబుతున్నది వెళ్ళొద్దని కాదు. వెళ్ళాలనే ఉంటే రెండు మూడేళ్ళ పథకం కావాలి: హైదరాబాద్ గోథే-జెంట్రమ్‌లో జర్మన్ భాష, ఇంటి దగ్గర కీబోర్డు, ఇంకో రెండు మూడు రచనలు మంచి రికార్డింగులతో. ఆ రెండు మూడేళ్ళూ స్కూలు జీతం మీద గడవొచ్చు.

పూర్తి కోర్సు వద్దనుకుంటే జర్మనీలోనే డార్మ్‌స్టాట్‌లో 1946 నుంచి నడుస్తున్న వేసవి కోర్సులున్నాయి, ఇప్పుడు రెండేళ్ళకోసారి జరుగుతాయి. కొద్ది వారాల పని. ఈ తరహా సంగీతం రాసేవాళ్ళు ప్రపంచం నలుమూలల నుంచి వస్తారు. మీ రాత అక్కడ ఎక్కడ నిలబడుతుందో తెలిసిపోతుంది. ఖర్చు మీ నాలుగు లక్షల్లో చాలా భాగం తినేస్తుంది, అది మాత్రం నిజం. మీ భార్యకు లెక్క కాగితం మీద చూపించాకే దీని మాట ఎత్తండి.

నాన్న గురించి. పళ్ళు పోయి ట్రంపెట్ దూరమైన మనిషికి "ట్రాంబోన్ వదిలేస్తా" అన్న మాట ఎలా వినపడి ఉంటుందో ఆలోచించండి. ఊదగలిగిన పెదవి ఉండీ కొడుకు వద్దంటున్నాడు అని. ఆయన లేచి వెళ్ళిపోయింది మేళం ఆదాయం కోసమే అని నేననుకోను. మళ్ళీ కదిపినప్పుడు వదలడం మాట తేకండి, అసలు మీరు వదలాల్సిన అవసరమూ లేదు. బేరాలు బాబాయి కొడుకుకు కొంచెం కొంచెంగా అప్పగించడం గురించి మాట్లాడండి, అదీ ఒక్కసారిగా కాదు. ఈ సీజన్లో ఒకటి రెండు పెళ్ళిళ్ళు అతన్నే చూడనివ్వమనండి. నాన్న ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు మీరు మేళంలో ఎన్ని రోజులుంటారో నెమ్మదిగా, తేదీలతో చెప్పాల్సి వస్తుంది. ఇంట్లో కొన్నాళ్ళు మాటలుండవు, అది భరించాలి. అన్నట్టు, ఆ హాలుకు ఆయన్ని పిలిచారా? ఉత్తరంలో లేదు. పిలవకపోయి ఉంటే, తర్వాతి రచన రిహార్సల్‌కు పిలవండి. డోలు ఎక్కడ నిలబడాలో ఆయన్నే అడగండి. మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోనక్కర్లేదు, ఆ పని ఆయనకు మీకంటే బాగా తెలుసు కాబట్టి అడగమంటున్నాను.

స్కూలుకు నెలాఖరులోగా జవాబు చెప్పాలన్నారు. చేరాలనుకుంటే ఆఫర్ లెటర్ ఒకటికి రెండుసార్లు చదవండి. ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు మొదటి హక్కుదారు మామూలుగా యజమానే అవుతాడు. యాన్యువల్ డేకి మీరు కట్టిన పాట వాళ్ళదే కావొచ్చు, దానికి అభ్యంతరం అక్కర్లేదు. బడి పని కాకుండా సొంత టైంలో రాసుకున్న సంగీతం మీద సర్వహక్కులు మీవేనని, బయట వాయించడానికి అభ్యంతరం లేదని రెండు వాక్యాలు ఆ లెటర్‌లోనే వేయించమనండి. హెచ్.ఆర్. వాళ్ళు "అదంతా మామూలే సార్, రాయక్కర్లేదు" అంటారు. రాసి ఇవ్వమనే అడగండి.